చెక్క చెక్కే యంత్రానికి దొంగ సాఫ్ట్‌వేరెందుకు?

మోపిదేవి: ఇంటికి సింహద్వారం చేయించుకోవాలంటే ఒకప్పుడు వడ్రంగి మేస్త్రీని పిలిచి, టేకు దుంగ కోయించి, పందిరి కింద వారాల తరబడి పని నడిపించేవారు. ఇప్పుడు రైతులు కొలతలు రాసిన కాగితం పట్టుకుని సీఎన్‌సీ షాపుకు పోతున్నారు. కంప్యూటర్‌లో గీసిన బొమ్మను చెక్క మీదికి దించే యంత్రం అది. కట్టర్ తనంతట తానే ముందుకు వెనుకకు, పైకి కిందికి కదులుతూ లతలు, హంసలు, కలశాలు ఒక పూటలో చెక్కి పెడుతుంది. యంత్రాన్ని తిట్టి ప్రయోజనం లేదు. ట్రాక్టరు వచ్చిన నాడు అరకలు నిలబడలేదు, రైసు మిల్లు వచ్చిన నాడు రోకళ్లు నిలబడలేదు. వచ్చిన యంత్రం ఎవరి చెప్పుచేతల్లో ఉండాలన్నదే ఇప్పుడు మేస్త్రీలు, వారి పిల్లలు, సంబంధిత అధికారులు ఆలోచించవలసిన విషయం.

ఈ యంత్రం కొనాలంటే లక్షల్లో పెట్టుబడి కావాలి. బ్యాంకు అప్పో, బంగారం తాకట్టో తప్పదు. మోటారు ఎన్ని హార్స్ పవర్, బల్ల ఎన్ని అడుగులు, కట్టర్లు ఎక్కడ దొరుకుతాయి అని పదిమందిని అడిగి తెలుసుకునే మేస్త్రీ, దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ దగ్గరికి వచ్చేసరికి "అది వాళ్లే వేసి ఇస్తార్లే" అని ఊరుకుంటాడు. అలా వేసి ఇచ్చేది తాళం పగలగొట్టిన దొంగ కాపీ అయిన సందర్భాలు తక్కువేమీ కాదు. దానికి వాడుకలో "క్రాక్" అని పేరు. ఆ మాటను కుర్రవాళ్లు గొప్పగా చెప్పుకుంటున్నారు గానీ, అసలు సంగతి వేరు.

1957 నాటి కాపీరైటు చట్టంలో 63-బి అనే సెక్షను ఉంది. దొంగ కాపీ అని తెలిసి కూడా కంప్యూటర్ ప్రోగ్రామును వాడినవారికి 7 రోజులకు తక్కువ కాకుండా 3 సంవత్సరాల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చునని ఆ సెక్షను చెబుతోంది. లాభాపేక్ష లేకుండా వాడుకున్నవారికి జైలు లేకుండా వదిలే వెసులుబాటు కోర్టుకు ఉంది. కాని తలుపుకు ఇంత అని కూలి పుచ్చుకునే షాపుకు ఆ వెసులుబాటు చెప్పుకోవడం కష్టం. యంత్రం తాలూకు అప్పు తీరకముందే ఇలాంటి కేసు మెడకు చుట్టుకుంటే ఆ కుటుంబం పరిస్థితి ఏమిటి? ఊళ్లో ఎవరినీ పట్టుకోలేదు గదా అనుకోవడం సమాధానం కాదు.

డబ్బిచ్చి కొన్నా పూర్తి భరోసా లేదన్నది మరో సంగతి. చెక్క పనివారికి బాగా పరిచయమైన ఆర్ట్‌క్యామ్‌నే తీసుకుందాం. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌కు చెందిన డెల్‌క్యామ్ కంపెనీ దాన్ని తయారు చేసింది. ఆ కంపెనీని 2014లో అమెరికాకు చెందిన ఆటోడెస్క్ కొన్నది. 2018లో ఆర్ట్‌క్యామ్ అమ్మకాన్ని ఆటోడెస్క్ ఆపివేసింది. తర్వాత అదే పని కార్‌వెకో అనే వేరే పేరుతో వేరే కంపెనీ చేతికి వెళ్లింది. ఎక్కడో బోర్డు మీటింగులో ఒక నిర్ణయం జరిగితే ఇక్కడ చల్లపల్లిలోనో, అవనిగడ్డలోనో ఉన్న మేస్త్రీ నేర్చుకున్న విద్యకు దిక్కు మారుతుంది. ఉలి కొనుక్కుంటే ఉలి తయారు చేసినవాడు వచ్చి అడిగేదేమీ ఉండదు. ఈ సరుకు అలాంటిది కాదు.

తాళాలు లేని సరుకు

ఇందుకు ప్రత్యామ్నాయం లేకపోతే ఇంత రాయవలసిన పని లేదు. ప్రత్యామ్నాయం చాలా కాలంగా ఉంది. అదే లినక్స్, దాని మీద నడిచే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికన్ మొదలుపెట్టిన ఉద్యమం, 1991లో ఫిన్లాండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ రాసిన కెర్నల్ కలిసి విండోస్ అవసరం లేని కంప్యూటర్‌ను లోకానికిచ్చాయి. ఇది ఎవరైనా వాడుకోవచ్చు, కాపీ చేసుకోవచ్చు, పక్క ఊరివారికి ఇవ్వవచ్చు, చేతనైతే మార్చుకోవచ్చు. ఇందులో దొంగతనం అనే మాటకే తావు లేదు.

చెక్క చెక్కే పనిలో కంప్యూటర్ చేసేవి మూడు పనులు. బొమ్మను, కొలతలను గీయడం మొదటిది. దాన్ని క్యాడ్ అంటారు. గీసిన గీత మీదుగా కట్టర్ ఏ దారిన, ఎంత లోతున, ఎంత వేగంతో పోవాలో లెక్క కట్టడం రెండోది. అది క్యామ్. ఆ లెక్కను అందుకుని మోటార్లను తిప్పడం మూడోది. మొదటి రెంటికీ ఫ్రీక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. 2002లో మొదలై, 22 సంవత్సరాలు మెరుగులు దిద్దుకుని, 2024 నవంబరులో 1.0 సంఖ్యతో వెలువడింది. మూడో పనికి లినక్స్ సీఎన్‌సీ ఉంది.

లినక్స్ సీఎన్‌సీ పుట్టుక తెలుసుకోదగినది. అమెరికాలో తూనికలు, కొలతల ప్రమాణాలు చూసే ఎన్ఐఎస్‌టీ అనే ప్రభుత్వ సంస్థ 1990లలో యంత్రాలను నడిపించే ప్రోగ్రామును రాయించింది. అక్కడి చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వోద్యోగులు చేసిన పనికి కాపీరైటు ఉండదు. ప్రజల పన్నులతో చేసిన పని ప్రజలదే అన్నమాట. జనరల్ మోటార్స్ కర్మాగారంలో దాన్ని పరీక్షించి చూశారు. తర్వాత దేశదేశాల ఔత్సాహికులు దాన్ని చేతికి తీసుకుని ఇప్పటికీ నడిపిస్తున్నారు. మన దగ్గర ప్రజాధనంతో తయారయ్యే వాటికీ ఇలాంటి నియమం ఉంటే బాగుండునని ఎవరికైనా అనిపించక మానదు.

ఇలాంటి పనులకు చందాలు వేసుకునే అలవాటు కూడా మన ఊళ్లకే పరిమితం కాదు. త్రిమితీయ బొమ్మలు తీర్చే బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ యాజమాన్య సంస్థ మూతపడే స్థితికి వచ్చినప్పుడు, 2002లో వాడకందారులు ఏడు వారాల్లో లక్ష యూరోలు వసూలు చేసి, దాన్ని విడిపించి అందరికీ ఉచితం చేశారు. గుడికి ప్రాకారం కట్టించినట్టే చేశారు.

పాత కంప్యూటరే చాలు

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్లు ఆఫీసుల్లో, కాలేజీల్లో మూల పడుతున్నాయి. పాత ఇనుముకు వేసే ముందు వాటి మీద లినక్స్ ఎక్కించి చూడవచ్చు. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి ఉంటే డెబియన్ అనే లినక్స్‌ను అందులోకి ఎక్కించుకుని, కంప్యూటర్‌ను ఆ పెన్‌డ్రైవ్ నుంచి మొదలుపెట్టి, అడిగిన ప్రశ్నలకు జవాబులిస్తూ పోతే గంటలోపే పని పూర్తవుతుంది. ఆ ప్రశ్నల్లో ఒక్కటి మాత్రం జాగ్రత్తగా చదవాలి. డిస్కు మొత్తం తుడిచివేయమంటారా అని అడిగిన చోట అవునంటే పాత ఫైళ్లు, ఫోటోలు, బాకీల పద్దులు అన్నీ పోతాయి. ముందుగా వాటిని వేరేచోట భద్రపరచుకోవాలి.

ఫ్రీక్యాడ్‌ను బజారులో వెతకనక్కరలేదు. డెబియన్ భాండాగారంలోనే ఉంటుంది. టెర్మినల్ అనే నల్లటి కిటికీ తెరిచి "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫ్రీక్యాడ్" అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొడితే ఇంటర్నెట్ నుంచి దిగి కూర్చుంటుంది. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి లినక్స్ సీఎన్‌సీ కూడా అదే భాండాగారంలో చేరింది. యంత్రం లేనివారు కూడా దాన్ని నేర్చుకోవచ్చు. అందులోనే ఉత్తుత్తి యంత్రం ఒకటి ఉంది. తెర మీద కట్టర్ కదిలి, ఏ దారిన పోయిందో గీత గీసి చూపిస్తుంది. చెక్క పాడవదు, కట్టర్ విరగదు. బడి పిల్లలకు ఇంతకంటే మంచి ఆట వస్తువు లేదు.

అయితే నిజం యంత్రానికి తగిలించాలంటే ఒక మెలిక ఉంది. మోటారు ఒక్కో అడుగు వేయడానికి కంప్యూటర్ నుంచి ఒక్కో సైగ పోవాలి. ఆ సైగలు సెకనుకు వేల సంఖ్యలో, దరువు తప్పకుండా పోవాలి. కోలాటంలో ఒకరు ఒక్క దెబ్బ ఆలస్యం చేస్తే ఆట చెదిరినట్టే, ఇక్కడ సైగ ఆలస్యమైతే మోటారు అడుగు తప్పి, హంస మెడ వంకర పోతుంది. మామూలు కంప్యూటర్ పది పనులు ఒకేసారి చేస్తూ ఈ దరువును పట్టించుకోదు. అందుకే రియల్‌టైమ్ కెర్నల్ అనే ప్రత్యేకమైన లినక్స్ మూలాన్ని వాడాలి. ఇరవై ఏళ్లపాటు విడిగా పెరిగిన ఈ విద్యను 2024లో అసలు లినక్స్‌లోనే కలిపారు.

కంప్యూటర్ పనికి వస్తుందో లేదో తేల్చడానికి లేటెన్సీ టెస్టు అనే పరీక్ష లినక్స్ సీఎన్‌సీతోనే వస్తుంది. దాన్ని నడుపుతూ, మరోవైపు పాటలు పెట్టి, కిటికీలు తెరిచి మూసి, కంప్యూటర్‌ను వీలైనంత సతాయించాలి. ఆలస్యం 20 వేల నానోసెకన్ల లోపు ఉంటే ఆ కంప్యూటర్ భేషుగ్గా పనికి వస్తుంది. 50 వేల దాకా ఉంటే యంత్రం కొంచెం నెమ్మదిగా నడుస్తుంది. లక్ష దాటితే ఆ కంప్యూటర్‌ను గీతల పనికే ఉంచుకోవాలి. చిత్రమేమంటే ఈ పరీక్షలో ఖరీదైన కొత్త ల్యాప్‌టాపులు తరచుగా తప్పుతాయి. కరెంటు ఆదా చేసే ఏర్పాట్లు వాటి దరువును చెడగొడతాయి. పూర్వం ప్రింటర్ తగిలించడానికి వాడిన 25 రంధ్రాల పోర్టు ఉన్న పాత డెస్క్‌టాపే ఈ పనికి నయం. ఆ పోర్టు లేనివారు సైగలు పంపే పనిని మెసా వంటి విడి కార్డుకు అప్పగించవచ్చు. కాని దానికి డబ్బు ఎక్కువ అవుతుంది.

ఇంత శ్రమ అందరికీ అవసరం లేదు. చెక్క పని యంత్రాల్లో చాలావాటికి చేతిలో పట్టుకునే రిమోట్ లాంటి కంట్రోలరు ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో ఫైలు పెట్టి గుచ్చితే చాలు, అదే మోటార్లను నడుపుతుంది. అలాంటి యంత్రం ఉన్నవారు లినక్స్ సీఎన్‌సీ జోలికి పోకుండా ఫ్రీక్యాడ్‌తో ఫైలు తయారు చేసుకుంటే సరిపోతుంది. ఆ ఫైలును జి-కోడ్ అంటారు. "జి 1 ఎక్స్ 100 వై 50 ఎఫ్ 1500" అనే వరుసకు అర్థం, నిమిషానికి 1500 మిల్లీమీటర్ల వేగంతో అడ్డం 100, నిలువు 50 ఉన్న చోటికి తిన్నగా పొమ్మని. పదో తరగతి గ్రాఫు కాగితం గుర్తున్నవారెవరైనా దీన్ని చదవగలరు. మన మేస్త్రీలు అంగుళాల్లో ఆలోచిస్తారు, ఫ్రీక్యాడ్ మామూలుగా మిల్లీమీటర్లలో ఆలోచిస్తుంది. ఫైలులో జి 20 ఉంటే అంగుళాలు, జి 21 ఉంటే మిల్లీమీటర్లు. ఇది చూసుకోకపోతే 40 అంగుళాల తలుపుకు గీసిన లత అంగుళంన్నర ముక్కలో ఇమిడి కూర్చుంటుంది.

ఏ గుమ్మం చూసినా ఒకే లక్ష్మి

పెన్‌డ్రైవ్‌లో వేల డిజైన్లు వందల రూపాయలకు దొరుకుతున్నాయి. వాటి ఫలితం ఊళ్లలో కళ్లకు కడుతోంది. ఏ గుమ్మం ముందు నిలబడినా అదే లక్ష్మీదేవి, అవే రెండు ఏనుగులు, అదే తామరపువ్వు. అచ్చు చెక్కడంలో పేరెన్నికగన్న పెడన ఈ జిల్లాలోనే ఉంది. మచిలీపట్నం కలంకారీ బట్టకు టేకు చెక్క మీద అచ్చులు చెక్కే పనివారి చేతుల్లో తరాల నాటి లతలు, పూలు, చెట్లు ఉన్నాయి. స్క్రీన్ ప్రింటింగు వచ్చి, అచ్చు అద్దకం ధరను దెబ్బ కొట్టి, ఆ పనివారికి ఎంత నష్టం చేసిందో వారిని అడిగితే చెబుతారు. ఇప్పుడు ఈ యంత్రం కూడా బయటివారి చేతిలోనే ఉంటే మిగిలిన పని కూడా పోతుంది.

అదే యంత్రం, అదే కంప్యూటర్ అచ్చు చెక్కేవారి ఇంట్లో ఉంటే కథ వేరు. తాతల నాటి అచ్చును ఫోటో తీసి, ఇంక్‌స్కేప్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్‌తో గీతలుగా మార్చి, ఫ్రీక్యాడ్‌లోకి తెచ్చుకుని చుట్టూ ఉన్న చెక్కను తీయించవచ్చు. ఎక్కువ శ్రమ పట్టే ఆ లోతు తవ్వకాన్ని యంత్రం చేస్తుంది. గుండ్రంగా తిరిగే కట్టర్ లోపలి మూలను పదునుగా తీయలేదు. మూల తీర్చడానికి, సన్నని గీత నిలబెట్టడానికి ఉలి, దాన్ని పట్టే చెయ్యి కావాలి. అరిగిపోయిన అచ్చు ఉన్నా, చెదలు తిన్న అచ్చు ఉన్నా దాని రూపం ఫైలులో బతికి ఉంటుంది. ఆ ఫైలు మాత్రం ఆ కుటుంబం సొత్తుగా ఉండాలి. నెల నెలా అద్దె కట్టకపోతే తెరుచుకోని సాఫ్ట్‌వేర్‌లో వంశపు డిజైన్లను దాచడం, సొంత ధాన్యాన్ని పరాయి గాదెలో పోసి తాళం వారికిచ్చినట్టవుతుంది.

చెక్క పనివారికే కాదు, ఇనుప పనివారికీ ఇది ఉపయోగమే. నాగాయలంక, కోడూరు వైపు రొయ్యల చెరువుల్లో ఏరేటరు భాగం ఒకటి అర్ధరాత్రి విరిగితే రైతు పడే పాట్లు అందరికీ తెలిసినవే. ఆ భాగాన్ని ఒకసారి కొలిచి ఫ్రీక్యాడ్‌లో గీసి పెట్టుకుంటే లేతు షాపువారికి విరిగిన ముక్క చూపించి చేతులతో వర్ణించే అవస్థ తప్పుతుంది. కొలతలతో కాగితం ఇస్తే సరిపోతుంది. ఒక రైతు గీసింది మరో రైతుకూ పనికి వస్తుంది.

లోపాలు దాచనక్కరలేదు

ఇదంతా అరటిపండు ఒలిచినట్టు ఉంటుందని చెబితే అబద్ధమవుతుంది. దేవతా విగ్రహాల వంటి ఉబ్బెత్తు పనికి ఫ్రీక్యాడ్ అంత అనువైనది కాదు, నెమ్మదిగా లెక్క కడుతుంది. అందుకు బ్లెండర్ నేర్చుకోవలసి వస్తుంది, దానికి నెలలు పడతాయి. సొమ్ము పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్‌లో రెండు నొక్కులతో అయ్యే పనికి ఇక్కడ ఆరు నొక్కులు కావాలి. పని చెడితే వచ్చి చూసే డీలరు ఉండడు. దీనికి గ్యారంటీ లేదని దాన్ని తయారు చేసినవారే రాసి పెట్టారు. అందుకే యంత్రాన్ని అత్యవసరంగా ఆపే ఎర్ర బటన్‌ను ఏ సాఫ్ట్‌వేర్ మీదా వదలకూడదు. మోటార్లకు పోయే కరెంటును నేరుగా తెంచేలా వైరింగు చేయించాలి. ఈ మాట దొంగ సాఫ్ట్‌వేర్ వాడేవారికీ వర్తిస్తుంది. వేసవిలో కరెంటు కోతల మధ్య నడిచే షాపులకు మరీ వర్తిస్తుంది.

లోటు సాఫ్ట్‌వేర్‌లో కంటే నేర్పించడంలోనే ఎక్కువ ఉంది. కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న పీఎం విశ్వకర్మ పథకాన్ని ప్రారంభించింది. 18 వృత్తుల జాబితాలో వడ్రంగి మొదటి వరుసలోనే ఉన్నాడు. 5 నుంచి 7 రోజుల ప్రాథమిక శిక్షణ, 15 రోజుల ఉన్నత శిక్షణ, రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15 వేల రూపాయలు, 5 శాతం వడ్డీకి రెండు విడతలుగా 3 లక్షల దాకా అప్పు అందులో ఉన్నాయి. పథకం మంచిదే. ఉన్నత శిక్షణ 15 రోజుల్లో నాలుగు రోజులు ఫ్రీక్యాడ్‌కు కేటాయిస్తే దానికి అదనంగా అయ్యే సాఫ్ట్‌వేర్ ఖర్చు సున్నా. గుడ్లవల్లేరులో పాలిటెక్నిక్, ఇంజనీరింగు కాలేజీ ఉన్నాయి. మచిలీపట్నంలో కృష్ణా విశ్వవిద్యాలయం ఉంది. చదువుకున్న కుర్రవాళ్లకు కొదవ లేదు. కేరళ ప్రభుత్వం ఏళ్ల కిందటే బడుల్లో కంప్యూటర్ చదువును స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదికి మార్చింది. అక్కడ సాధ్యమైనది ఇక్కడ ఎందుకు సాధ్యం కాదో విద్యాశాఖ చెప్పవలసి ఉన్నది.

పాఠం తెలుగులో ఉండాలి. ఇది అన్నిటికంటే ముఖ్యం. యాభై ఏళ్ల మేస్త్రీకి ఇంగ్లీషు మెనూ చూపించి ఎక్స్‌ట్రూడ్, పాకెట్, ప్రొఫైల్ అని చదివిస్తే మర్నాడు క్లాసుకు రాడు. ఎత్తు లేపడం, గుంట తీయడం, అంచు కోయడం అని చెబితే అతనే గురువుకు నాలుగు కిటుకులు నేర్పుతాడు. లినక్స్‌ను తెలుగులోకి తెచ్చిన స్వేచ్ఛ అనే సంస్థ హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తోంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సి-డాక్ తయారు చేసిన బాస్ లినక్స్ తెలుగులోనూ నడుస్తుంది. వారితో కలిసి వడ్రంగం మాటలతో చిన్న పుస్తకం ఒకటి తయారు చేయించడం జిల్లా పరిశ్రమల శాఖకు పెద్ద భారమేమీ కాదు.

అధికారులు కదిలే దాకా ఊరుకోవలసిన పని లేదు. సంక్రాంతికి ఇంటికి వచ్చే ఇంజనీరింగు విద్యార్థి ఎవరైనా లినక్స్, ఫ్రీక్యాడ్ నింపిన పెన్‌డ్రైవ్ తెచ్చి బాబాయి షాపులో ఒక పాత కంప్యూటర్ మీద ఎక్కించవచ్చు. ఒకరి దగ్గర నుంచి ఒకరు కాపీ చేసుకోవడం ఇక్కడ తప్పు కాదు. మొదట పేరు బోర్డు, ఆ తర్వాత ఒక చిన్న లత, ఆ తర్వాత తలుపు. మొదటి ఫైలును టేకు పలక మీద కాకుండా థర్మోకోల్ షీటు మీద నడిపించాలి. కట్టర్ దారి తప్పితే ఇరవై రూపాయల షీటు పోతుంది.